పైపూత

సెప్టెంబరు 9

సింగయ్య కారవాన్ మళ్ళీ మా షెడ్డుకొచ్చింది. పోయినేడు ఈయన చేతుల మీదుగా నీలంగా మెరుస్తూ బాపట్ల వెళ్ళిన బండి. ఇవాళ గేటు దగ్గర ఆగితే నేను గుర్తుపట్టలేదు. రంగుకేం కాలేదు. రంగు మీద కొట్టే క్లియర్, ఆ అద్దం లాంటి పూత, పైనంతా లేచిపోయి రేకులు రేకులుగా వేలాడుతోంది. ఎండకు కమిలిన వీపు మీద తోలు ఊడినట్టుంది.

సింగయ్య గొడవకే వచ్చాడు. బాపట్ల నుంచి దారి పొడవునా మాటలు కూడగట్టుకున్నట్టున్నాడు.

"ఏంటన్నా ఇది? చేప పొలుసు గీకినట్టు గీకితే వచ్చేస్తంది. లోపల మంచాలు బాగున్నాయి, వంటగది బాగుంది, బాత్రూము బాగుందంటారు. బయట చూసి మాత్రం ఎక్కం అంటారు. సూర్యలంక బీచికొచ్చినోళ్ళు దీని పక్కన నిలబడి ఫొటో దిగడానిక్కూడా నామోషీ పడతన్నారు. కార్తీకమాసం వస్తంది. మాకు ఆ నెలే కదన్నా సంపాదన. పడవలో నా వాటా అమ్మి కొన్నాను దీన్ని."

మామూలుగా అయితే ఈయన ఊరుకోడు. ఎండలో నిలబెట్టావనో, ఉప్పుగాలి తగిలాక కడగలేదనో ఎదురు తిరుగుతాడు. మా పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నాను, ఫహీం చేసిన పనికి వంక పెట్టి ఎవరూ గెలవలేదు. ఇవాళ మాత్రం పైకప్పు అంచు దగ్గర వేలితో గీకి చూశాడు. ఊడిన రేకును అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు.

"మొత్తం గీకేసి మళ్ళీ చేసిస్తా సింగయ్యా. ఖర్చు నాదే. కార్తీకానికి నీ బండి నీ దగ్గరుంటుంది."

సింగయ్యకి తిట్టడానికి ఏమీ మిగల్లేదు. టీ తాగి బస్సుకి వెళ్ళిపోయాడు.

నాకే ఒళ్ళు మండింది. మన తప్పు లేనప్పుడు ఎందుకు ఒప్పుకోవాలి?

సెప్టెంబరు 11

ఈయనకి దగ్గు. వానలకి ఊళ్ళో అందరికీ ఉంది.

సెప్టెంబరు 15

మూడు రోజులుగా గీకుతున్నాం. అత్తమ్మ కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని వచ్చింది. నీళ్ళలో ముంచిన గరుకు వాటర్ పేపరు పెట్టి రుద్దుతూ ఉంటే తెల్లటి మడ్డి కారుతుంది. దాన్ని గుడ్డతో తుడిచి మళ్ళీ రుద్దాలి. వేళ్ళ చివర్లు నానిపోయి ముడతలు పడ్డాయి. కుట్టుమిషను దగ్గర కూర్చుంటే జాకెట్టు గుడ్డ కూడా వేళ్ళకి తెలియడం లేదు.

రేష్మా స్కూలు నుంచి వచ్చి, "అమ్మీ, అబ్బా చేసిన పనిని మనం ఊడగొడుతున్నాం" అంది. అత్తమ్మ దాన్ని కసిరింది.

ఒకటి గమనించాను. బండి మీద ఛాతీ ఎత్తు దాకా క్లియర్ చెక్కుచెదరలేదు. ఎంత రుద్దినా రావడం లేదు. ఊడిందంతా ఆ పైనే. బల్ల వేసుకుని ఎక్కి కొట్టాల్సిన చోట.

"పైన ఎండ ఎక్కువ తగులుతుంది కదా, అందుకనుకుంటా" అన్నాను.

ఈయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "అవును, ఎండే" అన్నాడు.

ఎండే అయ్యుంటుంది.

సెప్టెంబరు 17

దగ్గు తగ్గలేదు. అల్లం, తేనె ఇచ్చాను. దుగ్గిరాల యార్డు నుంచి పసుపు లోడు లారీలు వెళ్తుంటాయి, ఆ దుమ్ము కూడా ఉంటుంది.

సెప్టెంబరు 21

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, భుజాలు పైకెత్తి, గాలి కోసం నోరు తెరిచాడు. పిల్లిపిల్ల అరిచినట్టు లోపల్నుంచి చప్పుడు. ఆటోలో ఇక్కడి ఆసుపత్రికి తీసుకెళ్తే ఆవిరి మందు పెట్టి గుంటూరు పంపారు.

గుంటూరు డాక్టరు గారు పెద్దాయన, నిదానస్థుడు. ముందు ఏం పని చేస్తావని అడిగారు. తరువాత క్లియర్‌లో ఏం కలుపుతావని అడిగారు. గట్టిపడటానికి హార్డ్‌నర్ అని చెప్పగానే పెన్ను కింద పెట్టారు.

"ఆ ఆవిరి నీ ఊపిరితిత్తులకి పడటం లేదు బాబూ. ఒకసారి పడకుండా పోయాక ఇక కొంచెం తగిలినా చాలు. ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"ఏడాది పైనే సార్."

"మాస్కు కట్టుకుంటా సార్" అన్నాడు మళ్ళీ తనే.

"మాస్కు కట్టుకున్నా వద్దు. మందులు వాడు, బతుకుతావు. మళ్ళీ స్ప్రే చేస్తే మాత్రం ఆసుపత్రి దాకా వస్తావని నేను చెప్పలేను. ఏమ్మా, విన్నావా?"

విన్నానండి అన్నాను.

ఏడాది అని ఎందుకు చెప్పాడో. డాక్టరు గట్టి మందు రాయాలని రోగులు కాస్త పెంచే చెప్తారు. ఏడాదిగా ఉంటే పక్కన పడుకునేదాన్ని, నాకు తెలియకుండా ఉంటుందా?

సెప్టెంబరు 22

తనే చెప్పాడు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"పైన రెండో కోటు కొట్టలేదు నేను."

ఏ పైన అని అడగలేదు.

"మొదటిది కూడా పల్చగానే పడింది. బల్లెక్కి చెయ్యెత్తితే ఊపిరాడేది కాదు. దిగి కూర్చుని మళ్ళీ ఎక్కేవాణ్ణి. ఈలోగా కొట్టింది ఆరిపోయేది. ఆ రోజు నువ్వు అన్నానికి పిలిచావు. వచ్చి తిన్నాను. ఇక ఎక్కలేదు. కింద నుంచి చూస్తే బాగానే మెరిసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మాన్పిస్తావు. మానేస్తే నేనేంటి రుక్సార్?"

తడి దుప్పటి ఇద్దరం చెరో కొసా పట్టుకుని పిండాం. అటు కొస ఆయన చేతిలోంచి జారిపోతూనే ఉంది.

సెప్టెంబరు 27, రేపల్లె

గాలి మార్పు ఉంటే మంచిదని మా అన్నయ్య మీరా మొహిద్దీన్ పట్టుబట్టి రమ్మన్నాడు. రేష్మాని అత్తమ్మ దగ్గర ఉంచి వచ్చాం. పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని భట్టిప్రోలు దాకా నిద్రపోయాడు. స్టేషను బయట ఆగి ఉన్న ఆటోలనీ కార్లనీ చేత్తో తడుముతూ నడిచాడు. ఎవరైనా చూస్తే దొంగ అనుకుంటారని నేను వెనక నుంచి చొక్కా లాగాను.

సెప్టెంబరు 30, రేపల్లె

దగ్గు లేదు.

అక్టోబరు 2, రేపల్లె

నిజంగా లేదు. ఇవాళ వదిన చేపల పులుసు పెడితే రెండుసార్లు వడ్డించుకున్నాడు. అన్నయ్య స్కూటరు మీద ఇద్దరూ పెనుమూడి వెళ్ళి కృష్ణ ఒడ్డున చాలాసేపు కూర్చుని వచ్చారట.

సాయంత్రం నేను డాబా మీద వడియాలు ఎత్తుతున్నాను. కింద నుంచి పరుగెత్తుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. నా ముందు నిలబడి, నోరు మూసుకుని, ముక్కుతోనే గాలి పీల్చి చూపించాడు. ఒకసారి కాదు, నేను నవ్వేదాకా.

"విన్నావా? చప్పుడు లేదు. ఇదిగో, చెయ్యి పెట్టి చూడు."

ఛాతీ మీద చెయ్యి పెట్టాను. చప్పుడు లేదు. పక్క డాబా మీద ఎవరో పిల్లలు చూస్తున్నారు. అయినా చెయ్యి తియ్యలేదు.

అన్నయ్య అన్నాడుగా, గాలి మార్పు కావాలి అంతేనని.

అక్టోబరు 5, రేపల్లె

అన్నయ్య అన్నం తింటూ అడిగాడు. "బావా, నా కొట్లో కూర్చో. కాలిన మోటార్లకీ ఫ్యాన్లకీ తీగ చుట్టడం నేర్చుకోడానికి నీకు నెల పట్టదు. పక్కనే ఇల్లు చూస్తాను. రేష్మా ఇక్కడ చదువుకుంటుంది."

ఈయన నవ్వాడు. "ఫ్యానుకి రంగు అక్కర్లేదు కదా బావా" అన్నాడు.

"ఆలోచించు" అన్నాడు అన్నయ్య.

"ఆలోచిస్తా. ముందు సింగయ్యకి మాటిచ్చాను. అది అయ్యాక."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను మజ్జిగ గిన్నె అందుకున్నాను.

అక్టోబరు 8

తెనాలి వచ్చేశాం. గీకుడు పూర్తయింది. ఇక రంగు, క్లియర్. ఎవరు కొట్టాలి?

దసరా ముందు పెయింటర్లెవరికీ ఖాళీ లేదు. ఒకాయన మాత్రం వచ్చి చూసి, "ఇంకొకరి చేతిలో ఊడిన బండి నేను ముట్టను. రేపు మళ్ళీ లేస్తే నా పేరు చెప్తారు" అని వెళ్ళిపోయాడు. ఆ మాట ఈయన వినేటట్టే అన్నాడు.

"నేను కొడతాను. మీరు దూరంగా కూర్చుని చెప్పండి" అన్నాను.

"ఇంట్లో ఈ జబ్బు పడ్డది ఒకళ్ళం చాలు."

"అయితే సింగయ్యకి ఉన్న సంగతి చెబుదాం. వాళ్ళూ మనుషులే."

దానికి లేచి నిలబడ్డాడు. "చెప్పకు. ఫహీంకి ఊపిరి లేదట అని ఒక్కడికి తెలిస్తే ఊరంతా తెలుస్తుంది. ఇక ఈ గేట్లోకి సైకిలు కూడా రాదు."

అత్తమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే, "రాకపోతే రాకపోనీ రా. నువ్వుంటే చాలు" అంది. ఈయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు.

అక్టోబరు 12

మాట్లాడుకోవడం లేదు. మందులు టైముకి వేసుకుంటున్నాడు, అది చాలు.

అక్టోబరు 15

మాట్లాడాడు. రేష్మాకి లెక్కలు కూడా చెప్పాడు. కారవాన్ అద్దాలకి పేపర్లు పెట్టి అంచుల వెంబడి టేపు అంటించాడు. టైర్లకి గోనెసంచులు కప్పాడు. దుమ్ము పడకుండా అట.

ఎన్నో రోజుల తరువాత ఈల వేసుకుంటూ పని చేశాడు.

అక్టోబరు 17, బాపట్ల స్టేషను

రైలు రావడానికి ఇంకా టైముంది, బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. చెయ్యి ఆగడం లేదు సంతోషానికి.

పొద్దున జాకెట్టు లైనింగులు కొనడానికి గుంటూరు వెళ్తున్నానని చెప్పి బయల్దేరాను. అబద్ధం చెప్పడం నాకు రాదు, మొహం చూసి పట్టేస్తాడనుకున్నాను. "వెళ్ళిరా, తొందరేం లేదు. నిదానంగా చూసి కొనుక్కో" అన్నాడు. పాపం ఎంత మెత్తగా అన్నాడో. అత్తమ్మని కూడా దుగ్గిరాలలో చెల్లెల్ని చూసి చాలా రోజులైంది వెళ్ళిరమ్మని తనే బస్సెక్కించాడు.

సింగయ్య ఇల్లు సూర్యలంక దారిలో. సింగయ్య లేడు, వేరేవాళ్ళ పడవ మీద కూలికి వెళ్ళాడు. అతని భార్య కుమారి ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి చేతులు కడుక్కుని కుర్చీ వేసింది.

"బండి అయిపోయిందా వదినా?"

అంతా చెప్పాను. డాక్టరు మాట, రెండో కోటు, ఏదీ దాచలేదు. దొంగతనం చేసి వచ్చినట్టు చెప్పాను. కుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"అయ్యో వదినా. ముందే ఒక్క మాట చెప్పుంటే మేమే ఇంకోచోట చేయించుకునేవాళ్ళం కదా. రంగు కోసం మనిషిని చంపుకుంటామా?"

అంత తేలిక. ఒక్క మాట. నేను ఏడ్చేశాను.

ఈలోగా సింగయ్య వచ్చాడు. కుమారే చెప్పింది. అతను గోడకి ఆనుకున్నాడు. "అన్న నాకప్పుడు ఎదురు మాట్లాడకపోతేనే అనుకున్నా, ఏదో ఉందని" అన్నాడు. "బండి ఎలా ఉంటే అలాగే తెచ్చుకుంటా చెల్లెమ్మా. ఒంగోలులో మా వాడొకడున్నాడు, చేయిస్తా. అన్నని పడుకోమను. నేను కోపంగా లేనని చెప్పు. మర్చిపోకు, ఆ మాట చెప్పు."

మర్చిపోను. ఎదురుగా నిలబడి చెప్తాను. ముందు మొహం ఎలా పెడతాడో చూడాలి. కోపపడతాడు, తరువాత కూర్చుంటాడు, తరువాత నవ్వుతాడు. ఆ మాట మాత్రం ఫోనులో వద్దనుకున్నాను. ఆగలేక వస్తున్నానని చెబుదామని ఫోను చేస్తే ఎత్తలేదు. రెండోసారి కూడా ఎత్తలేదు. మందులకి మత్తుగా ఉంటుంది, పడుకుని ఉంటాడు.

రైలు వస్తోంది.

అక్టోబరు 17, సాయంత్రం

కొట్టేశాడు.

గేటు తీసేసరికే వాసన. షెడ్డు ముందు కట్టిన ప్లాస్టిక్ పరదా తీసి ఉంది. పంపు దగ్గర స్టూలు మీద కూర్చుని, తల తడుపుకుని, నన్ను చూసి నవ్వుతున్నాడు.

నోటికొచ్చినట్టు తిట్టాను. పరుగెత్తుకెళ్ళి ఛాతీ మీద చెయ్యి పెట్టాను. మాస్కు మీద ఇంకో గుడ్డ కట్టుకున్నాడట, మధ్యమధ్యలో బయటికి వచ్చాడట, ఏం కాలేదట. "చప్పుడుందా? లేదు కదా. డాక్టరు అందరికీ అలాగే చెప్తాడు. ఈసారి పైన రెండు కోట్లు కొట్టాను రుక్సార్. బల్ల మీద నిలబడే కొట్టాను. చూడు ముందు."

తిడుతూనే చూశాను. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, అంత అందమైన పని ఈయన చేతి నుంచి నేను చూడలేదు. కాలవలో నిండుగా నీళ్ళు కదలకుండా ఉన్నట్టుంది. పెరట్లో ఆరేసిన బట్టలు, కొబ్బరిచెట్టు, గుమ్మంలో నేను, అన్నీ అందులో ఉన్నాయి.

బాపట్ల సంగతి చెప్పలేదు. ఇంత సంతోషంగా ఉన్నవాడికి వాళ్ళు వద్దన్నారని ఇప్పుడెలా చెప్పను? రేపు చెప్తాను.

టీ తాగుతున్నాడు. కొంచెం దగ్గుతున్నాడు. వాసన ఇంకా పోలేదు కదా, దానికి.

నవంబరు 6

ఈ పుస్తకం తీయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఆ రోజు పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు కోసం వజూకి చేతులూ కాళ్ళూ కడుక్కుంటూ పంపు దగ్గరే కూలబడ్డాడు. ఆ ఆవిరి పీల్చిన కొన్ని గంటలకి కూడా పట్టేస్తుందని తరువాత చెప్పారు. ఇక్కడి ఆసుపత్రిలో చేయగలిగింది చేశారు. అంబులెన్సులో గుంటూరు తీసుకెళ్తుంటే నా మణికట్టు పట్టుకున్నాడు. నారాకోడూరు దాటాక ఆ పట్టు వదులైంది. నిద్ర పట్టిందనుకున్నాను.

సింగయ్య మాట చెప్పలేదు. దారిలో అయినా చెప్పి ఉండాల్సింది. ఆయనకి ఊపిరి తీసుకోవడమే కష్టంగా ఉంది, తగ్గాక చెబుదాంలే అనుకున్నాను.

నవంబరు 7

రేష్మా స్కూలుకి వెళ్ళింది.

నవంబరు 9

సింగయ్య, కుమారి వచ్చారు. ఆయన్ని సాగనంపిన రోజు జనాజాకి కూడా వచ్చారట, నాకు తెలియదు.

సింగయ్య పెరట్లోకి రాలేదు. వీధి అరుగు మీద షెడ్డుకి వీపు పెట్టి కూర్చున్నాడు. కుమారి లోపలికి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. తరువాత మెల్లగా అడిగింది.

"మేం వద్దన్నామని చెప్పావా వదినా?"

"నేను వచ్చేసరికే అయిపోయింది. తరువాత కూడా చెప్పలేదు."

కుమారి నా చెయ్యి తీసుకుంది. మంచిపని చేశావనలేదు, తప్పు చేశావనలేదు.

అత్తమ్మ టీ గ్లాసు పట్టుకుని అరుగు మీదికి వెళ్ళింది. సింగయ్య గొంతు వినపడింది. "నేను ఆ రోజు అరవకుండా ఉండాల్సిందమ్మా. నాకా బండి వద్దు."

"నీ బండి నువ్వడిగావు నాయనా" అంది అత్తమ్మ. "ఇద్దరికీ పొట్టే కదా. వద్దంటే వాడు చేసింది ఏమవుతుంది? తీసుకెళ్ళు. అద్దాల మీద కాగితాలు ఊడదీసి ఇస్తాం, మళ్ళీ రా."

టీ తాగి గ్లాసు అరుగు మీద బోర్లించి సింగయ్య లేచాడు.

నవంబరు 10

అన్నయ్య ఫోను. ఇద్దత్, ఈ నాలుగు నెలల పది రోజులు, అయ్యాక రేపల్లె వచ్చెయ్యమంటున్నాడు. రేష్మా పరీక్షలు అయ్యాక చూద్దామన్నాను. అత్తమ్మ వస్తానంటేనే, అన్నాను. ఫోను పెట్టేశాక అత్తమ్మ, "నన్నెందుకు మధ్యలో పెడతావు?" అంది. కానీ ఆ పూట నా పక్కనే కూర్చుని అన్నం తింది.

నవంబరు 12

ఇద్దత్‌లో గడప దాటకూడదు. షెడ్డు మా పెరట్లోదే, అందుకని వెళ్ళాను.

బండి అద్దాల మీద పేపర్లు అలాగే ఉన్నాయి. టేపు ఎక్కువ రోజులు ఉంటే జిగురు అంటుకుపోతుంది. వేడినీళ్ళ గుడ్డ అద్దుకుంటూ, మెల్లగా, రంగు లేవకుండా తీశాను. ఆయన అయితే ఇంకా ముందే తీసేవాడు. అద్దాలన్నీ బయటపడ్డాక గోనెసంచులు తీశాను. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూసింది కానీ దగ్గరికి రాలేదు.

బండి చుట్టూ నిదానంగా తిరిగాను. పైన, కింద, పక్కల, ఎక్కడా వంక లేదు. వెనక తలుపు పక్కన, మోకాలి ఎత్తులో మాత్రం క్లియర్ కారింది. బొట్టులా మొదలై చిటికెన వేలంత పొడవు జారి ఆగిపోయింది. అక్కడ వంగినప్పుడు చెయ్యి వణికి ఉంటుంది. లేకపోతే ఊపిరి అందక స్ప్రే గన్ను ఒక్క క్షణం ఆగి ఉంటుంది.

దాని మీద వేలు పెట్టాను. గట్టిగా ఆరిపోయింది. చాలాసేపు వేలు తియ్యలేదు.

సింగయ్యకి చెబితే ఉంచెయ్యమంటాడు. అత్తమ్మా అదే అంటుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. బాగా సన్నటి వాటర్ పేపరు వెతికి, సబ్బునీళ్ళలో ముంచి, చుట్టూ తగలకుండా దాని మీదే రుద్దాను. తెల్లటి నీళ్ళు కారాయి. తుడిచాను, వేలితో చూశాను, మళ్ళీ రుద్దాను. ఎత్తు పోయి, మసక మిగిలింది. పాలిష్ ముద్ద పెట్టి మెత్తగుడ్డతో మసక పోయేదాకా గుండ్రంగా తిప్పాను. ఇలాంటిది ఉండగా ఆయన ఏ బండినీ గేటు దాటనివ్వడు. నాకది తెలుసు.

మధ్యాహ్నం సింగయ్య వచ్చాడు. చుట్టూ తిరిగి చూశాడు. స్టీరింగు ముందు కూర్చుని కూడా వెంటనే స్టార్ట్ చెయ్యలేదు. నేను కిటికీ తలుపు చాటున నిలబడి ఉన్నాను. బండి వెనక్కి వచ్చి, తిరిగి, వీధిలోకి వెళ్ళింది. వెనక తలుపు పక్కన ఎండ పడింది. ఎక్కడ కారిందో నేను కూడా కనిపెట్టలేకపోయాను.

అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "వెళ్ళిందా?" అని అడిగింది.

వెళ్ళిందన్నాను.